తాడుకు ఇవతల

అధ్యక్షస్థానంలో ఉన్న తాసిల్దారు గారికి, కరువు రోజుల్లో తన కొట్టాన్ని ఆస్పత్రికి విడిచిపెట్టిన రామనారాయణ గారికి, ఆత్మకూరు నుంచి ఎండలో బండ్లు కట్టుకొని వచ్చిన పెద్దలకు, ఉదయగిరి అక్కచెల్లెళ్లకు ఈ నర్సు లిదియమ్మ నమస్కారాలు.

ఇందాక దండ వేస్తూ పుళ్లకు కట్లు కట్టే మన డ్రెస్సరు మాలకొండయ్య గారు నా చెవిలో "చేతులు కడుక్కొనే వచ్చినాలే అమ్మా" అన్నారు. (నవ్వులు) నవ్వండి. ఈ కొట్టంలో నవ్వు విని చాలా కాలమైంది.

మద్రాసు ఆస్పత్రిలో మాకు నేర్పిన పాఠం చిన్నదే. మందు ఇచ్చేది వైద్యుడు. ఒక రోగి జబ్బు పక్క రోగికి అంటకుండా కాచుకోవలసింది నర్సు. గాలి ఆడాలి, నీళ్లు కాగాలి, మైలబట్టలు కాల్చాలి, వాంతిభేది వచ్చినవాళ్లను వేరుగా ఉంచాలి. ఆ పాఠం చెప్పినవాళ్లు ధాత ఏటి ఈ కరువును చూడలేదు. ఎండిన బావి గట్టున నిలబడి, గంజికే నీళ్లు లేనివాళ్లతో చేతులు కడుక్కోమని చెప్పడానికి ఎంత సిగ్గేస్తుందో వాళ్లకు తెలియదు. అదిగో, వెనక కూర్చున్న సిద్ధయ్య కొండ కింది చెలమ నుంచి కావిడితో మోసుకొచ్చిన నీళ్లే తాగడానికీ, కడగడానికీ.

మీరు నన్ను చాలా పొగిడారు. అందుకే కామయ్య సంగతి చెప్పకుండా వెళ్లలేను. మర్రిపాడు వైపు గొర్రెల కాపరి. మంద అంతా చచ్చిపోయాక భార్య ఓబమ్మనూ చంటిబిడ్డనూ వెంటబెట్టుకొని కరువువాళ్లకు గంజి పోసే ఇక్కడి దొడ్డికి నడిచి వచ్చాడు. వచ్చిన కొద్దిరోజులకే వాంతిభేది తగిలింది. వేరు పాకలో పడుకోబెట్టాం. ఓబమ్మ వాకిట్లో నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నన్ను లోపలికి పోనీ. నా చేత్తో రెండు గుక్కల నీళ్లు పోసి వస్తాను."

"నీ చంకలో పాలు తాగే బిడ్డ ఉండాది. నీ చేతికి అంటింది దాని నోటికి పోతాది. పోనియ్యను."

"బిడ్డను ఎవురికన్నా ఇచ్చి పోతా."

"మళ్లీ పాలియ్యాల్సింది నువ్వే కదా!"

తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. లోపల కామయ్య ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నాడు. "ఈడనే ఉండానయ్యా" అని ఈమె బదులిస్తోంది. కాసేపటికి ఆ పిలుపు ఆగిపోయింది. ఈమె మాత్రం బదులు పలుకుతూనే ఉంది.

మన్నించండి.

బిడ్డకు ఏమీ కాలేదు. కొండాపురంలోని అన్న ఇంటికి పోతూ ఓబమ్మ నాతో అన్న మాటలివి: "బిడ్డను దక్కించినావని అందరూ అంటా ఉండారు. నిజమే. కానీ నీ మొహం నేను మళ్లీ చూడలేనమ్మా." ఆమె మనసు మారిందని చెప్పి మిమ్మల్ని ఊరడించలేను. ఆ గడియ మళ్లీ వచ్చినా నేను అడ్డంగానే నిలబడతాను. నా దుఃఖం అదే.

మర్నాడు నేనూ మాలకొండయ్య గారూ ఆ పాకకు ముందువైపు తడిక పీకించి, దూరంగా ఒక తాడు కట్టించాం. తాడుకు ఇవతల అయినవాళ్లు కూర్చోవచ్చు. ముట్టుకోకూడదు, చూసుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు. మద్రాసు పాఠంలో అది లేదు. పాకలో గాలీ బాగా ఆడింది, చాటుగా లోపలికి దూరి జబ్బు తెచ్చుకునేవాళ్లూ తగ్గారు. ఆ తర్వాత కూడా ఎందరో పోయారు. అయినవాళ్లు ఉన్నవారెవరూ ఉత్త తడిక వైపు చూస్తూ పోలేదు.

ఇప్పుడు వానలు పడ్డాయని ఆస్పత్రి మూసేస్తున్నారు, నన్ను నెల్లూరుకు పొమ్మన్నారు. తాసిల్దారు గారూ, ఒక్క మనవి. పాక పీకేటప్పుడు అందులోని చాపలూ బొంతలూ తగలబెట్టించండి. చలికి తాళలేక పేదవాళ్లు వచ్చి అడుగుతారు. జాలిపడి ఒక్కటి కూడా ఇవ్వకండి. వాళ్లకు కొత్త గొంగళ్లు ఇప్పించండి.

నన్ను ఇంతకాలం భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. మన చేతుల్లో పోయి, ఈ కొండ కింద పడుకున్నవాళ్లకు దణ్ణం పెట్టుకుని వెళతాను. సెలవు.