డొల్ల చప్పుడు

బొగ్గుగని క్యాంటీన్‌లో ముసలాయన ఒక్కడే తింటున్నాడు. గని పైకప్పును కర్రతో తట్టి, కింద పని చేయొచ్చో లేదో చెప్పడం ఆయన పని. తోటి కార్మికుడైన మేనల్లుడు సద్దిగిన్నెతో వచ్చి, నిలబడే మాట్లాడాడు.

“మామా, పొరపాటైందని సార్‌కు ఒక్క మాట చెప్పరాదే. మూసిన చోటు మల్ల తెరుస్తరంట.”

“కప్పు డొల్లగ మోగింది. మోగలేదని ఎట్ల చెప్పాలె?”

“పదిహేను రోజులాయె. కూలిందా? చిన్న రాతిపెళ్లన్న రాలిందా? నీ మాటకు ఆ చోటు మూసి, మమ్మల్నందరిని దూరం గనికి మారుస్తున్నరు. టేకులపల్లిల పిల్లల్ని ఇడిసి నేనూ రేపే పోతున్న.”

ముసలాయన చేతిలో ముద్ద ఆగింది. “నువ్వు సుత?”

“అవ్. గప్పుడే కూలి ఉంటే నిన్ను నెత్తిన పెట్టుకుందుము.”

“గప్పుడు మీరంత దాని కిందనే ఉంటిరి. కూలితే, నెత్తిన పెట్టుకునేటందుకు మీరేడ ఉందురు?”

“అందరు నిన్ను పిరికోడంటున్నరు మామా.”

“అననియ్యి. రోజూ ఆ మూసిన కాడ చెవి పెట్టి వింటున్న. ఎవరు లేనప్పుడు ఒక్కపారి కూలితే చాలు.”

“కూలకపోతే?”

“గిట్లనే తింట. కూసో అల్లుడా, రేపటి సంది రావు గద.”

మేనల్లుడు అవతలి బల్లల దగ్గర కూర్చున్న తోటి కార్మికులకేసి చూశాడు. తన గిన్నెలోని చేప ముక్క తీసి మామ అన్నంలో పెట్టి, వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.