మిషనుకు ఏకాదశి

ఆదోనిలో సేతుమాధవరావు మాస్టరు ఇంటి వెనక పశువుల కొట్టం. 1981. కొట్టంలో పశువులు లేవు, చేత్తో తిప్పే ఒక పాత కుట్టుమిషను ఉంది. దాన్ని కొనడానికి ఎమ్మిగనూరు నుంచి నేతపని వాళ్ళ పద్మమ్మ వచ్చింది. చూపించడానికి మాస్టరు వదినె రుక్మాబాయి దాని ముందర పీట వేసుకుని కూర్చుంది. మాస్టరు భార్య వేదవతి వంటింట్లో ఉంది గానీ, చెవులు మాత్రం కొట్టంలోనే ఉన్నాయి.

"అది కాదమ్మా, ఒక్కసారి తిప్పి సూస్తా."

"కూర్చో పద్మమ్మా. వచ్చీ రాగానే పిడి మీద చెయ్యి వేస్తే ఎట్ల? నేను కొన్ని సంగతులు అడగాల."

"కొనేదాన్ని నేను గదా. అడగాల్సింది నేను."

"నువ్వు గూడా అడుగు. ఎవరు వద్దన్నారు?"

"సరే. ఎన్ని మడతలు పడతాది?"

"నువ్వు ఎన్ని తెచ్చినావు?"

"ఎనిమిది. ఇగో, పాతసీరలు మడిసి పెట్టుకొచ్చినా. మా ఇంట్లో కొత్త కాలుమిషను ఉండాది. పూలు కుడతాది, తీగలు కుడతాది, గుండీ కాజాలు గూడా కుడతాదంట. బొంత పెడితే మాత్రం సూది పుటుక్కుమంటాది. షాపాయప్పను అడిగితే, అమ్మా అది జాకిట్లకు, నువ్వు బొంతలు పెడితే అదేం చేస్తాది అన్న్యాడు. నాకు కావాల్సింది బొంతలే గదన్నా అంటే, మోటారు పెట్టుకోమన్న్యాడు."

"పెట్టినావా?"

"పెట్టినా. బొంత దాని పాటికది పోయింది. నేను దాని ఎనక పోయినా."

"ఇది పోదు. నువ్వు ఎంత తిప్పితే అంతే. ఒక కుట్టు కావాలంటే ఒక్క కుట్టు. సూది సగంలో ఆపి, మడత సర్దుకోని, మళ్ళా దించొచ్చు. ఏమీ అనదు."

"అదే గదమ్మా నాకు కావాల్సింది. బొంతకు తొందర పనికిరాదు. అడుగుసీర ఒక్క ముడత పడితే మొత్తం ఇప్పుకోని ఏడవాల. గోనెగండ్ల ఆడోళ్ళు పాతసీరలు మూటలు గట్టి ఇచ్చిపోయినారు. చలి పడేలోగా కుట్టియ్యకుంటే మళ్ళా నా మొగం సూడరు. ఈ కింద రేకు తియ్యొచ్చునా?"

"పక్కకు జరుపు, వస్తుంది."

"అయ్యో, ఇది నాడె."

"షటిల్ అంటారు దాన్ని."

"నాడేనమ్మా. మా ఇంటాయన మగ్గంలో అటూ ఇటూ ఆడిచ్చేది ఇదే. ఇది దాని బిడ్డ, అంతే. అదే పడవ తీరు, అదే ముక్కు. కొత్త మిషన్లలో గుండ్రంగా డబ్బీ మాదిరి పెట్టినారు. డబ్బీ యాడన్నా నేస్తాదా? నాకు ముందునుంచీ దాని మీద అనుమానమే."

"మా వారు ఒక రైల్వే గార్డు దగ్గర తీసుకున్నారు. ఆ గార్డు దేశం వదిలి పోతా ఉండె. వాళ్ళమ్మ కుట్టిన మిషనంట. అప్పుడు దీని ఒంటి మీద బంగారు రంగు తీగబొమ్మ నిండుగా ఉండె. చెయ్యి ఆనీ ఆనీ ఈ పక్క పోయింది."

"పోనీలేమ్మా. తీగ కుట్టదు గదా. ఇంగ తిప్పుతా."

"తిప్పు. నువ్వు తిప్పు, బొంత నేను పడతా."

"రెండూ నేనే చేసుకుంటా."

"చేసుకో, చూద్దాం."

"... దిగింది. అబ్బ, ఎనిమిది మడతల్లో ఎన్నలో దిగినట్ల దిగింది. ... ఉండు, జారుతాంది. ఈ పక్క జారుతాంది. కుడిచెయ్యి చక్రానికి పోతే నాకు ఎడమచెయ్యి ఒకటే మిగిలింది."

"జారుతుంది. ఇదిగో, ఈ పక్క నేను వేలు పెడతా, తిప్పు. రవికకయితే ఒక చెయ్యి చాలు. బొంతకయితే ఇద్దరు కావాల. ఒకరు తిప్పాల, ఒకరు తోయాల. మా వారు తిప్పేవాళ్ళు, నేను తోసేదాన్ని. మాట్లాడుకునే వాళ్ళం గూడా కాదు. ఆయన పోయినాక ఇది ఆగిపోయింది."

"మాస్టరుగారు తిప్పరా?"

"ఆయనకు చప్పుడు పడదు. ఇంట్లో ట్యూషన్లు చెప్తాడు కదా. మిషను ముందు వసారాలో ఉండె. ఆడినుంచి వంటింటి పక్కకు, ఆడినుంచి ఈ కొట్టంలోకి, ఇప్పుడు మీ ఊరికి."

"అక్కా, తేలిందా? ఆయన బడి నుంచి వచ్చే వేళయింది."

"తేలుతుంది వేదవతీ."

"పాత ఇనుము ఎత్తుకపోవడానికి ఇంతసేపా? నేను చీరె కొనడానికి ఎమ్మిగనూరు పోయినప్పుడు, మిషను అమ్ముతామని పద్మమ్మతో ఒక్క మాట అన్నాను, అంతటితో తేలిపోవాల. అది పోతే ఇల్లు నిమ్మళం. పొయ్యి మీద సారు పొంగుతోంది, ఉప్పు వేసినావా?"

"వేసినా. నువ్వు వెయ్యొద్దు. పొయ్యి మీంచి దించు, చాలు. ... పద్మమ్మా, దీన్ని మీ ఇంట్లో యాడ పెడతావు?"

"మగ్గం పక్కన సిన్న అర్ర ఉండాది. మా అత్త ఉండె ఆడ. ఆయమ్మ పోయినాక నూలు కండెలు పెట్టుకుంటాండాం."

"చప్పుడు మీకు కష్టం కాదా?"

"మా ఇంట్లో పొద్దంతా మగ్గం మోతే. ఇంగొక మోత కలిస్తే ఎవురికి తెలుస్తాది?"

"అట్లనా. ... ఆ అర్రకు కిటికీ ఉందా?"

"ఉండాది. తూర్పుకు."

"పొయ్యి?"

"మిషనుకు పొయ్యి ఏంటికమ్మా?"

"చలికి నూనె గడ్డ కడుతుంది. వెచ్చ చెయ్యాల. వేరే పొయ్యి ఉండాల. దాని మీద మీరు ఇంకేమీ వండకూడదు."

"నూనె గడ్డ కడతాదా? ఎమ్మిగనూర్లో?"

"పాత మిషను పద్మమ్మా. దానికి చలి ఎక్కువ."

"... సరే. మూడు రాళ్ళు పెడితే పొయ్యి."

"ఉల్లిగడ్డ ఆ అర్రలో తరగకూడదు. ఆ ఘాటుకు ఇనుము తుప్పు పడుతుంది."

"మేం దినామూ కత్తితోనే తరుగుతామమ్మా. కత్తి బాగనే ఉండాది."

"కత్తికి అలవాటు. దీనికి అలవాటు లేదు."

"ఇంగేం?"

"రాయర మఠం దగ్గరేనా మీకు?"

"నడిసిపోయే దూరమే. మఠం ఏంటికి?"

"గంట వినపడితే మంచిది. వేళ తెలుస్తుంది."

"మిషనుకు?"

"మిషనుకే. ఇంకొకటి. ఏకాదశి నాడు తిప్పకూడదు."

"సెలవా?"

"ఉపవాసం. ఆ రోజు చుక్క గూడా పొయ్యకూడదు. మరుసటి రోజు ద్వాదశి. సూర్యుడు రాకముందే."

"సూర్యుడు రాకముందే మిషనును లేపాల."

"మీరు లేపొద్దు. అదే లేస్తుంది."

"తెలిసిందమ్మా. నేను గూడా కొన్ని అడగాల. ఈ మిషనుకు జొన్నరొట్టె అరుగుతాదా?"

"మెత్తగా చేస్తే అరుగుతుంది. అదే చేసుకుంటుంది, మీకు కష్టం లేదు."

"రాత్రిపూట దగ్గుతాదా?"

"చలికాలంలో కొంచెం."

"మా ఇంట్లో బిడ్డలు ఎక్కువ. వచ్చి మీద పడతారు."

"పడనీ. మడిలో ఉన్నప్పుడు తప్ప."

"మిషను మడిలో ఉన్నప్పుడు."

"అవును."

"నేతోళ్ళ ఇంట్లో పోయి ఉంటే, మీవాళ్ళు మిషనును ఏమన్నా అంటారేమో."

"అంటారు. మిషనుకు చెవులు లేవు."

"అమ్మా."

"మెల్లగా మాట్లాడు."

"నిజంగా వస్తావా?"

"నన్ను ఈ ఇంట్లో ఎవరూ ఒక మాట అనలేదు పద్మమ్మా. ఆ మాట నువ్వు గుర్తు పెట్టుకో, రేపు ఊర్లో ఎవరికీ వేరేగా చెప్పొద్దు. వండుతా, తింటారు. పొద్దు పోయేసరికి, ఈ దినం నేను ఇది చేసినాను అని చూసుకుందామంటే గిన్నెలు కడిగేసి ఉంటాయి. నాకు అది బాధగా ఉంది. బొంత కుడితే బొంత ఉంటుంది. కప్పుకుంటారు. చినిగితే మళ్ళా తెస్తారు."

"నాక్కూడా బొంత పట్టే చెయ్యి దొరకలేదమ్మా. ఇరుగుపొరుగోళ్ళు వస్తారు, మాట్లాడతా ఉంటారు, బొంత ఒక పక్క గుంజుతారు. కుట్టు పాము పోయినట్ల పోతాది. ఇప్పుడు నువ్వు పక్కనుంచి ఊరికే ఏలు పెట్టినావు సూడు, గీత గీసినట్ల వచ్చింది."

"చూసినాను. కొంచెం ఎడమకు పోయింది."

"అది నేను తిప్పినందుకు."

"నేర్చుకుంటావు. ... వేదవతీ, ఎంతసేపు నిలబడతావు ఆ తలుపు దగ్గర? లోపలికి రా."

"ఇప్పుడే వచ్చినానక్కా. సారు దించినా అని చెప్పడానికి."

"ఎప్పుడు దించినావు?"

"కిటికీ తూర్పుకు అన్నప్పుడు. ... అదిగో, ఆయన వచ్చినారు."

"వేదవతీ, ఏదీ, పోయిందా ఆ టకటక?"

"ఈడ కొట్టంలో ఉన్నాం, రండి. పోతుంది. అక్క షరతులు చెప్తోంది."

"యంత్రానికి షరతులేమిటి వదినా?"

"అక్కనేం అడుగుతారు, నేను చెప్తా వినండి. దానికి వేరే పొయ్యి కావాలంట. ఉల్లిగడ్డ పడదంట. ఏకాదశి నాడు ఉపవాసమంట."

"యంత్రానికి ఏకాదశి? ఏ గ్రంథంలో ఉంది? ఆయుధపూజ ఉంది, ఒప్పుకుంటాను. అది సంవత్సరానికి ఒకసారి. ఇట్లాంటివన్నీ చెప్పి బేరం చెడగొట్టుకోవద్దు. ఏమ్మా, నువ్వేనా తీసుకునేది? హమాలీని పిలుచుకో, బస్సు మీదికి ఎక్కిస్తాడు."

"మిషను ఒకటే రాదంట సార్."

"ఇంకేం రావాల? సూదులా? సూదులు గూడా ఇచ్చెయ్యండి వదినా, ఇంట్లో గుచ్చుకుంటాయి."

"సూదులు కాదు సేతుమాధవా. నేను."

"మీరేమిటి?"

"నేను పోతాను. దానితో పాటు."

"ఎక్కడికి?"

"ఎమ్మిగనూరుకు. పద్మమ్మ ఇంటికి. బొంతలు కుట్టడానికి."

"ఎన్నాళ్ళకు?"

"బొంతలు అయిపోయేదాకా."

"ఎప్పుడు అయిపోతాయి?"

"జనాలకు చీరలు చినిగేది ఆగినప్పుడు."

"వదినా, ఇది పరిహాసం చేసే విషయం కాదు."

"నేను చెయ్యలేదు."

"మఠంలో అడిగితే ఏమని చెప్పమంటారు? మా వదినె నేతవాళ్ళ ఇంట్లో కూలికి కుడుతోందని చెప్పాల్నా?"

"కూలికి కాదు సార్. పొత్తుకు."

"నువ్వుండమ్మా. మీకు ఈ ఇంట్లో ఏం తక్కువయింది వదినా? ఒక్క మాట చెప్పండి. ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదు. అదే పద్మమ్మతో గూడా చెప్పినాను."

"మరి ఏం తక్కువ?"

"తిప్పేవాళ్ళు."

"అదేం మాట?"

"ఆ మాటే. ఇంకెట్ల చెప్పాలో నాకు తెలీదు."

"చూడండి. మిషను పోతే పోనీ, ఈ క్షణమే పోనీ. మీరు మాత్రం పోయేది లేదు. ఇంటికి పెద్దదిక్కు మీరు. మీరు లేకపోతే మడివంట ఎవరు చేస్తారు?"

"మఠంలో ఏమంటారో, ఆ మాట అయిపోయిందా అప్పుడే?"

"రెండూ ఉన్నాయి వదినా. నైవేద్యం ఎవరు వండాల? పండగలకు, తద్దినాలకు ఎవరు వండాల?"

"నేను వండుతాలెండి. అక్కను పోనీండి."

"నువ్వా? నువ్వు చేసిన సారు పెడితే దేవుడు గూడా చెయ్యి కడుక్కోని లేస్తాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఒక్క పూట, ఒక్క పూట నోట్లో పెట్టుకునేటట్టు వండినావా? అన్నీ వదినె చూసుకుంటుంది కాబట్టి గడుస్తోంది. ఆమె గూడా పోతే ఈ ఇంట్లో నువ్వు దేనికి పనికొస్తావు చెప్పు?"

"సేతుమాధవా, అట్ల అనొద్దు."

"ఉన్న మాట అన్నాను వదినా. ఏం వేదవతీ, అబద్ధమా?"

"కాదు."

"చూసినారా, తనే ఒప్పుకుంటోంది. ఇంక ఈ ప్రసంగం చాలు. ఏమ్మా, మిషను ఎత్తుకో. వదినా, మీరు లోపలికి రండి, ఆకలిగా ఉంది. నడువు వేదవతీ, ఆకులు వెయ్యి. ... నిన్నే. ఏం అట్ల నిలబడినావు?"

"పద్మమ్మా."

"సెప్పు వేదవతమ్మా."

"మీ అర్రలో ఇంకొక మిషనుకు చోటుందా?"