బాపు కారు పంపు

నా పేరు ప్రమోద. భర్త పేరు మహేందర్. వయసు యాభై ఒకటి. వృత్తి వ్యవసాయం. నివాసం కామారెడ్డి, పుట్టిల్లు ఎల్లారెడ్డి. మొన్న ఆదివారం ఉదయం ఎల్లారెడ్డిలో మా పుట్టింటివారి బియ్యం మిల్లు గోదాములో కారుకు నిప్పంటుకున్న విషయమై ఎస్సై గారు అడగగా చెబుతున్నాను. మెకానిక్ దేవీసింగ్ నిర్లక్ష్యం వల్లే కారు కాలిందనీ, అతని చెయ్యి కాలడం కూడా అతని తప్పేననీ నా భర్త నిన్న ఫిర్యాదు ఇచ్చారు. ఆ సమయంలో నా భర్త అక్కడ లేరు. కామారెడ్డిలో మా ఎరువుల దుకాణంలో ఉన్నారు. గోదాములో ఉన్నది నేనూ దేవీసింగూ ఇద్దరమే. కాబట్టి నేను చెప్పేది కూడా రాసుకోవాలి.

కారు మా బాపుది, అంటే మా నాన్నది. ఎర్ర రంగు, రెండే సీట్లు, పైకప్పు మడిచి వెనక్కి వేసుకోవచ్చు. హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన విదేశీ ఇంజనీరు తన దేశం వెళ్ళిపోతూ అమ్మితే బాపు కొన్నారు. మిల్లు నడుపుకునేవాడికి ఇలాంటి కారేమిటని ఊరంతా నవ్వింది. బాపు కూడా వాళ్ళతో కలిసి నవ్వారు గానీ కారు మాత్రం అమ్మలేదు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు నడపడం నేర్పారు. పొద్దున్నే లింగంపేట మీదుగా అడవి దారిలో కామారెడ్డి దాకా నేనే నడిపేదాన్ని. బాపు తలకు తువాలు చుట్టుకుని పక్కన కూర్చునేవారు. అప్పట్లో ఈ చుట్టుపక్కల కారు నడిపిన ఆడపిల్ల నాకు తెలిసి నేనొక్కదాన్నే. ఇది కేసుకు అవసరం లేదని ఎస్సై గారు అన్నారు. అవసరమేనని నేను అన్నాను. రాశారు.

ఆ కారుకు కార్బురేటర్ ఉండదు. ట్రాక్టరుకు డీజిల్ పంపు ఉన్నట్టే దానికి పెట్రోలు పంపు ఉంటుంది. దాని నుంచి ఆరు సిలిండర్లకు ఆరు సన్నటి ఇనుప పైపులు వెళతాయి. వేగం అందుకుంటే ఒక చప్పుడు వస్తుంది. గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నట్టు ఉంటుంది. వేరే ఏ కారులోనూ నేను అది వినలేదు. నా పెళ్ళయిన ఏడాదే పంపు పట్టేసి కారు గోదాములో ఆగిపోయింది. తర్వాత రెండేళ్ళకు బాపు పోయారు. బాపు గొంతు నాకిప్పుడు సరిగా గుర్తు రాదు. ఆ చప్పుడు మాత్రం గుర్తుంది. ఒక్కసారి మళ్ళీ వింటే చాలని ఇన్నేళ్ళూ ఆశపడ్డాను. వింటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

పోయిన దీపావళి తర్వాత నా భర్త హైదరాబాదు నుంచి పాత కార్లు బాగుచేసే అతన్ని పిలిపించారు. నా సంతోషం కోసమే పిలిపించారు, ఆ మాట కాదనను. అతను బానెట్ ఎత్తి చూసి, ఈ పంపు జోలికి ఎవరూ పోరు, తీసేసి కార్బురేటర్లు పెడితే కారు నడుస్తుందన్నాడు. నేను వద్దన్నాను.

"నడిస్తే సాలదా? ఏం పెడితే ఏంది?" అన్నారు నా భర్త.

"నడుస్తది. గని అది వేరే కారైతది. ఆ సప్పుడు రాదు" అన్నాను.

"గంత తుప్పు పట్టినదానికి గింత పట్టుదలనా! నా కోసం ఎన్నడన్న గిట్ల పట్టుబట్టినవా?"

"మీరెన్నడు ఆగిపోలేదు గదా" అన్నాను. ఆయన నవ్వారు.

అప్పుడు నేను దేవీసింగ్‌ను పిలిచాను. అతనిది లింగంపేట దగ్గర తండా. కామారెడ్డిలో ట్రాక్టర్లకూ వరికోత మిషన్లకూ డీజిల్ పంపులు బాగుచేస్తాడు. మా ట్రాక్టరు పని కూడా అతనిదే. కారు దగ్గర చాలాసేపు నిలబడి, పంపు మీద చెయ్యి పెట్టాడు.

"అక్కా, గిది మన కోత మిషన్ పంపు లెక్కనే ఉన్నది. పెట్రోలు తాగుతది, గంతే. గిసొంటిది నేనెన్నడు చెయ్యలే. అయితదో కాదో చెప్పలేను. చూడమంటె చూస్త" అన్నాడు.

చూడమన్నాను. పంపు విప్పి కామారెడ్డి తీసుకెళ్ళాడు. పాత పెట్రోలు జిగురై లోపల పెట్రోలును తోసే ప్లంజర్లన్నీ పట్టేసి ఉన్నాయి. నూనెలో నానబెట్టి, సుత్తి తాకించకుండా ఒక్కొక్కటే వదిలించాడు. ఆఖరిది వదిలిన రోజు ఫోన్ చేసి, అది పైకీ కిందికీ ఆడుతున్న చప్పుడు వినిపించాడు. నేను పొయ్యి మీద పాలు మరిచిపోయి విన్నాను.

ఆదివారం ఉదయం ఎల్లారెడ్డిలో పంపు బిగించాం. కొత్త పెట్రోలు పోశాం. నేను సీట్లో కూర్చుని తాళం తిప్పాను. ఇంజను తిరిగింది గానీ అందుకోలేదు.

"పైపులల్ల గాలి పట్టిందక్కా. గాలి తీయాలె" అన్నాడు దేవీసింగ్.

డీజిల్ బండి ఇలా మొండికేస్తే మా వైపు అందరం చేసేది అదే. పైపుల కొసన నట్లు వదులు చేసి ఇంజను తిప్పుతాం. గాలి పోయి డీజిల్ చిమ్మగానే బిగిస్తాం. చేతులు జిడ్డవుతాయి, అంతే. మా పొలంలో నేనూ చేశాను. డీజిల్ వేరు, పెట్రోలు వేరని అతనికి తట్టలేదు, నాకూ తట్టలేదు. అసలు ఈ కారుకు ఆ పనే అక్కర్లేదట. పెట్రోలు తిరిగి ట్యాంకులోకి పోతూ గాలిని తనతోనే తీసుకుపోతుందట. హైదరాబాదు అతను నిన్న ఫోన్లో చెప్పాడు.

దేవీసింగ్ నట్లన్నీ వదులు చేశాడు. నేను తాళం తిప్పాను. ఏ నట్టు దగ్గర పెట్రోలు చిమ్మితే దాన్ని వెంటనే బిగిస్తూ వచ్చాడు. రెండు మిగిలి ఉండగా ఇంజను అందుకుంది. ఆ రెండు పైపుల నుంచి పెట్రోలు చిమ్మి, ప్లగ్గు తీగల దగ్గర అంటుకుంది. అతని చొక్కా చెయ్యి కూడా అంటుకుంది.

"అక్కా, తాళం బంద్ చెయ్యి! బంద్ చెయ్యి!" అని అరిచాడు.

తర్వాత ఇంజను ఆగింది. గోనెసంచులు తడిపి కప్పి మంట ఆర్పాం. తీగలూ రబ్బరు గొట్టాలూ కాలాయి. పంపుకు ఏమీ కాలేదు. దేవీసింగ్‌ను నేనే కామారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ చేత్తోనే అతను బతకాలి. నేను ఆ మంటలో పోయేదాన్నని భయపడి నా భర్త ఫిర్యాదు రాశారు. ఆసుపత్రిలో నా భర్త అతన్ని, ఇంజను వెంటనే ఎందుకు ఆపించలేదని గద్దించి అడిగితే, "ఇంజను సప్పుడుల అక్కకు ఇనపడలే సారూ" అన్నాడు.

అది నిజం కాదు. నాకు వినిపించింది. మొదటి అరుపే వినిపించింది. మంట చూశాను. నా చెయ్యి తాళం మీదే ఉంది. కుంటుతూ కుంటుతూ ఆ చప్పుడు రావడం మొదలైంది. ఇప్పుడు ఆపితే మళ్ళీ ఎప్పటికీ రాదేమోననిపించింది. ఆపలేదు. యాక్సిలరేటర్ తొక్కాను. అతను కాలుతున్న చేత్తోనే పరిగెత్తుకొచ్చి, నా మీదుగా వంగి తాళం తిప్పి ఆపాడు. నట్లు వదులు చేయడం అతని పొరపాటు. అతని చెయ్యి కాలడం నా పని. కేసు పెడితే నా మీద పెట్టండి.

ఎంతసేపు ఆపకుండా ఉన్నారని ఎస్సై గారు అడిగారు. తెలియదన్నాను. ఎంతసేపైనా నాకు చాలలేదన్నాను.

ఇది నేను చెప్పింది చెప్పినట్టే రాశారు. నేనే చదివి చూసుకున్నాను. ఇందులో అబద్ధం లేదు, నన్నెవరూ బలవంతపెట్టలేదు.

(సంతకం)
ప్రమోద