మీ తాత జారిపడ్డ కోట

“మామ్మా, కొండ మీద కోటని కనిపెట్టింది మా తాతేనంట, నిజమేనా?”

కనిపెట్టాడా? నీతో అలా చెప్పాడా? ఓరి వీడి అసాధ్యం కూలా! జారిపడ్డాడమ్మా, జారిపడ్డాడు. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. కూర్చో, మొదట్నించీ చెప్తాను. ఆ ఫోను ఎక్కడ పెట్టుకుంటావో పెట్టుకో గానీ మధ్యలో ఆపకు. ఆపితే ఎక్కడిదాకా చెప్పానో నాకు గుర్తుండి చావదు.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. మీ తాత నా సొంత తమ్ముడే అనుకో, అయినా వాడి సంగతి తర్వాత. మా ఆయనకి పాత రాళ్ళ పిచ్చి. భీమవరం పక్కన పల్లెటూరు మాది, చుట్టూ వరిచేలు, ఎంత తవ్వినా బంకమట్టే గానీ గులకరాయి కూడా తగలదు. అలాంటి ఊళ్ళో పుట్టిన మనిషికి రాళ్ళ పిచ్చేంటో చెప్పు. ఏంటంటే, వాళ్ళ నాయనమ్మగారిది మెట్ట ప్రాంతం, జంగారెడ్డిగూడెం దాటాక ఎక్కడో కొండల పక్కన. ఆవిడ ఈయనకి అన్నం కలిపి పెడుతూ, మా ఊరి కొండ మీద రాజుల కోట ఉందిరా అని చెప్పేదంట. ఆ ముద్దలతో పాటు అదీ ఒంటబట్టేసింది.

ఎక్కడికెళ్ళినా ఇదే గోల. పట్టిసీమ వెళ్ళామనుకో, పడవ దిగి, కాళ్ళు కాలే ఇసకలో నడిచి, వీరభద్రుడి గుడి దాకా వెళ్ళి, అందరం లైన్లో నిలబడితే ఈయన ఉండరు. వెనకాల విరిగిపోయిన రాయేదో ఉంటే దాని ముందు గొంతుక్కూర్చుని దుమ్ము తుడుస్తుంటారు. పెద్దాపురం మరిడమ్మ జాతరకి పిల్లల్ని వేసుకుని వెళ్తే, ఆ జనంలో నేను చంకలో ఒకణ్ణి, చేత్తో ఒకదాన్ని పట్టుకుని ఏడుస్తూ వెతుకుతున్నాను. ఈయనగారు జీళ్ళ కొట్టతన్ని పట్టుకుని, “ఇక్కడ పాత గోడలెక్కడున్నాయండీ” అని అడుగుతున్నారు. కొట్టతను పాపం, “ఆయ్, గోడలైతే తెలీదండి, జీళ్ళు తూచమంటారా” అంటున్నాడు. తీసుకున్నాంలే, బావున్నాయి. ఇప్పుడలాంటి జీళ్ళెక్కడివి?

ఆఁ, మీ తాత. వాడికి మా ఆయనంటే ప్రాణం, ఆయన్ని ఏడిపించడమంటే అంతకంటే ప్రాణం. ఇంట్లోకి వస్తూనే, “మహారాజావారు సభలో ఉన్నారా అక్కా?” అనేవాడు. చేలో గట్టు తెగితే, “బావగారూ, కోటకి గండి పడిందండీ!” అని వీధంతా వినపడేలా కేకేసేవాడు. ఆయన కూడా నవ్వేవారు. నవ్వి, మళ్ళీ ఆ కోట సంగతే ఎత్తేవారు. వీడు మళ్ళీ ఏడిపించేవాడు. నేను మధ్యలో ఎటు మాట్లాడాలి? ఇటు మొగుడు, అటు తమ్ముడు.

ఇలా ఉండగా మా ఆడపడుచు కూతురి పెళ్ళయింది. అప్పుడే మన వైపు రొయ్యల చెరువులు తవ్వడం మొదలెట్టారు, ఎవరి నోట విన్నా చెరువుల మాటే. పంక్తిలో కూర్చున్నారు అందరూ. కొత్త వియ్యంకులు, పెళ్ళికొడుకు తాలూకు పెద్దలు, అందరూ ఉన్నారు. మీ తాత నేతిగిన్నె పట్టుకుని, “ముందు మహారాజావారికి వడ్డించాలండీ, కోట లేకపోయినా కిరీటం ఉంది” అన్నాడు. వియ్యంకుడుగారికి పొలమారింది నవ్వాపుకోలేక. మా ఆయన మాత్రం నవ్వలేదమ్మా. విస్తట్లోకి చూస్తూ, మీ తాతతో మెల్లిగా అన్నారు. “సూరిబాబూ, వచ్చేవారం ఆ కొండెక్కుదాం. నువ్వూ రా. కోట ఉంటే సరే. లేకపోతే ఇక జన్మలో నా నోటమ్మట కోట అన్న మాట రాదు” అన్నారు.

నీకు తెలీదు, ఆయన ఒక మాటన్నారంటే అన్నారే. కాఫీ మానేస్తానని ఒకసారి కోపంలో అన్నారు, ఇప్పటికీ తాగరు. ఆ కోట పిచ్చి పోతే ఇంకేం మిగులుతుంది ఆ మనిషిలో? పొద్దున్న చేలోకెళ్ళి రావడం, తినడం, పడుకోవడం. ఆ రాళ్ళ గురించి చెప్తున్నప్పుడు ఆయన మొహం చూడాలి నువ్వు, చిన్నపిల్లాడే. నాకు విసుగొచ్చేది, నిజమే, కానీ ఆ మొహం లేకుండా ఆ ఇంట్లో ఉండటం నావల్ల కాదమ్మా. దేవుడా, అక్కడేదో ఒకటి ఉండేలా చూడు, కోట కాకపోతే కోడిగూడైనా పర్లేదు అని దణ్ణం పెట్టుకున్నాను.

జీపు మాట్లాడారు. అద్దె చెప్తే నవ్వుతావు, ఇప్పుడు దాంతో ఇద్దరికి టిఫిన్ రాదు. పులిహోర, పెరుగన్నం, మాగాయ, అరిటాకులు, కూజాతో మంచినీళ్ళు, అన్నీ కట్టాను. జంగారెడ్డిగూడెం దాటాక జీడిమామిడి తోటలు, పొగాకు, అవీ అయిపోయాక కొండలు. మన కళ్ళకి అదో వింత, నేల లేచి నిలబడినట్టు. కొండ కింద ఊళ్ళో చిన్న రాతి చర్చి ఒకటుంది, బాగా పాతది, కప్పు సగం ఎగిరిపోయి గోడల మీద రావి మొక్కలు మొలిచాయి. మా ఆయన జీపు ఆగకుండానే దిగిపోయి ఆ గోడని అరచేత్తో తడిమి చూశారు. అక్కడ ఊడుస్తున్న ముసలావిడ మంచినీళ్ళిచ్చింది. కోట సంగతి అడిగితే, “ఉందంటారయ్యా, మేమైతే గోడలేవీ చూళ్ళేదు” అంది. మీ తాత నావైపు చూసి కళ్ళెగరేశాడు. నాకు వాణ్ణి ఒక్కటియ్యాలనిపించింది.

ఎక్కడం మొదలెట్టాం. మనం జన్మలో ఎక్కిన ఎత్తేంటి? కాలవ గట్టు. మహా అయితే డాబా మెట్లు. సగం దూరం వెళ్ళేసరికి మీ తాత గుడ్లు తేలేసి, “అక్కా, నా ఆస్తి పిల్లలకి సమానంగా పంచు” అంటున్నాడు. ఎలాగో పైకి చేరాం. అంతా చెట్లూ, ముళ్ళకంపా. ఎటు నడవాలో తెలీదు. అలా తచ్చాడుతుంటే ఒక గట్టు దొరికింది. ఎత్తుగా, చదునుగా, గడ్డి మొలిచి, అచ్చం మన చేనుగట్టే. హమ్మయ్య అనిపించింది. మీ తాత, “ఇదిగో బావగారూ, మన ఊరొచ్చేసింది” అన్నాడు. చెప్పులు చేతిలో పట్టుకుని ఒకరి వెనక ఒకరం బయల్దేరాం, ముందు ఆయన, మధ్యలో కేరేజీతో నేను, వెనక మీ తాత. ఎంత హాయిగా నడిచామనుకున్నావ్! పొద్దుటే చేలోకి వెళ్తున్నట్టే. ఆయనేమో ఎడాపెడా చూసుకుంటూ, బురుజుంటుందేమో, ద్వారముంటుందేమో అని మెడ నొప్పెట్టేలా వెతుకుతున్నారు. గట్టు వంపు తిరిగితే మేమూ తిరిగాం. నడిచి నడిచి చూసుకుంటే ఎక్కడ బయల్దేరామో అక్కడికే వచ్చాం. జీలుగు చెట్టొకటి వంగి ఉంది అక్కడ, దాన్నిబట్టి తెలిసింది.

కోటా లేదు, గీటా లేదు.

ఆ గట్టు మీదే ఆకులు వేశాను. మీ తాత ఏదో ఒకటి అంటాడని నేను చూస్తున్నాను. ఒక్క మాటనలేదు. మా ఆయన పులిహోర ముద్ద చేత్తో పట్టుకున్నారు గానీ నోట్లో పెట్టుకోలేదు. “మా నాయనమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదే” అన్నారు నాతో. అంతే అన్నారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి, మిరపకాయ కొరికానని అబద్ధం చెప్పాను.

మీ తాత సగం ఆకులో వదిలేసి లేచాడు. “చెయ్యి కడుక్కొస్తానక్కా” అని గట్టు దిగి, అవతల వైపు ముళ్ళల్లోకి వెళ్ళాడు. కాసేపటికి ధబ్బుమని చప్పుడు. ఆ వెంటనే కేక. “బావా! ఒరే బావా!” అని. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ బావగారూ అండీ తప్ప ఇంకోలా పిలిచి ఎరగడు వాడు. పామేమో అనుకుని నేను కెవ్వుమన్నాను. “పాము కాదే అక్కా! బావా, నువ్వు కూర్చున్నదే కోట! నీ కిందే ఉంది! దిగి చూడు!”

అప్పుడు తెలిసింది. కొండ మీద చేనుగట్టు ఎవడేస్తాడమ్మా? వరి పండిస్తారా అక్కడ? ఆ మాట ముగ్గుర్లో ఒక్కరికీ తట్టలేదు. గట్టు కనపడితే మన కాళ్ళు అడక్కుండానే ఎక్కేస్తాయి, ఎక్కాక బుర్ర పనిచెయ్యదు. పొద్దున్నుంచీ కోటగోడ మీద ఊరేగుతూ కోట కోసం వెతికాం! పైన మట్టి పేరుకుని గడ్డి మొలిచి, అంచులు ముళ్ళకంప కమ్మేసింది గానీ, వెలుపలి వైపు కందకంలోంచి చూస్తే ఏనుగంత రాళ్ళు, వరసలు వరసలుగా, వేళ్ళు అల్లుకుని ఎంతెత్తుందో! మీ తాత ఆ కందకంలో కూలబడి ఉన్నాడు, మోకాళ్ళు రక్తం, పంచె చిరిగి పీలికలు, నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని ఉన్నాడు. మా ఆయన జారుడుబల్ల మీద జారినట్టు దిగారు. ఆ రాళ్ళ మీద చెంప ఆనించి ఏడ్చేశారమ్మా. తర్వాత ఇద్దరూ కావిలించుకున్నారు. నేను పైన గట్టు మీద... కాదు కాదు, గోడ మీద నిలబడి పులిహోర గిన్నెతో సహా గంతులేశాను. ఎవరు చూస్తారక్కడ?

ఆ పూటంతా కింద నుంచి గోడ పట్టుకుని తిరిగాం. కూలిపోయిన ద్వారం దొరికింది, గడప మీద ఏనుగులు చెక్కి ఉన్నాయి. నీళ్ళున్న దిగుడుబావి దొరికింది. ఆయన చెప్తూనే ఉన్నారు, మీ తాత పక్కనే కుంటుకుంటూ, “అయితే రాణీవాసం ఎటేపుండేదంటారు బావగారూ” అని అడుగుతూనే ఉన్నాడు. మళ్ళీ గారు వచ్చేసింది చూశావా.

కొండ దిగేప్పుడు ఆయన ముందు నడుస్తున్నారు. నేను మీ తాతకి చెయ్యిచ్చి దింపుతూ అడిగాను. “ఒరేయ్, నువ్వు చూసి కూడా నోరు మూసుకుని పైకొచ్చేస్తే మాకెవరికీ తెలిసేది కాదు కదరా. పందెం నీదే అయ్యేది” అన్నాను.

వాడేమన్నాడో తెలుసా? “అక్కా, కూజా నీ పక్కనే ఉంది. చెయ్యి కడుక్కోడానికి ముళ్ళల్లోకి ఎవడెళ్తాడే? బావ అన్నం తినట్లేదు. ఇంకోసారి వెతుకుదామని వెళ్ళాను” అన్నాడు.

అదమ్మా మీ తాతంటే. ఇప్పటికీ ఇద్దరూ చేరారంటే మహారాజావారూ అని మొదలెడతాడు, నేను వంటింట్లోంచి విని నవ్వుకుంటాను. నేనే కనిపెట్టానని చెప్పుకోనీ, పోనీలే, నువ్వు మాత్రం జారిపడ్డాడని నేను చెప్పినట్టు అనకు... అన్నా పర్లేదులే, ఏడిపించు కాసేపు. ఇలా రా, తల ఇలా పెట్టు. నిన్ను నలుగురిలో ఏడిపించినా, నువ్వు ముద్ద మింగకపోతే నీకోసం ముళ్ళల్లో దిగేవాళ్ళు నీ చుట్టూ ఎప్పుడూ ఉండాలి తల్లీ. నువ్వూ అలాగే దిగాలి. చల్లగా ఉండు.