దమ్మాం సాక్ష్యం

సౌదీలోని జిద్దాలో, బలద్ అనే పాత బజారులో, చాయ్ దుకాణం ముందు ఇద్దరు కూర్చున్నారు. ఒకడు ఓ కంపెనీలో పనిచేసే జగిత్యాల ప్లంబరు. రెండోవాడు మొన్నటిదాకా అదే కంపెనీలో ఆఫీసు క్లర్కు, కడప మనిషి.

"అన్నా, నన్ను తీసేసినారు. సర్వీసు డబ్బులు జిద్దాలో చేసినదానికే ఇస్తారంట."

"అన్ననా? దమ్మాంల నన్ను 'రేయ్' అంటుంటివి గద, సాబ్."

"అవన్నీ మనసులో పెట్టుకోవద్దు. అంతకుముందు దమ్మాం, తాయిఫ్ ఊర్లలో చేసిన సర్వీసు లెక్కలోకి రాదంటాండారు. ఏ ఊరిది ఆ ఊర్లోనే అడుక్కోవాలంట."

"ఈ మాట నాకు ఎరుకే. మా తమ్ముడు సదానందంకు నువ్వే చెప్పినవ్. వాడు ఉత్త చేతులతోని ఇంటికి పోయిండు."

"పైవాళ్లు చెప్పమన్నారు, చెప్పినా. ఇప్పుడు లేబర్ కోర్టులో నాకు సాక్షి కావాల. దమ్మాంలో నన్ను చూసినోళ్లలో ఇక్కడ మిగిలింది నువ్వొక్కడివే."

"వస్త."

"నిజంగానా? అల్లా నిన్ను సల్లగా చూడాల అన్నా!"

"అప్పుడే దువా చెయ్యకు. నువ్వు దమ్మాంల పని చేసినవని చెప్త. ఏం పని చేసినవని అడుగుతరు గద?"

"ఆఫీసు పని అని చెప్పు."

"ఊరు మారే ప్రతోనితోని తెల్లకాయితం మీద వేలిముద్ర ఏయించుకున్నవని చెప్త. పైసలన్నీ ముట్టినయని దాని మీద నువ్వే రాసుకున్నవని చెప్త."

"అట్ల చెప్తే నన్ను జైల్లో ఏస్తారన్నా!"

"చెప్పకుంటే నువ్వు దమ్మాంల లేనట్టే. ఏది గావాల్నో ఆలోచించుకో, సాబ్. ఇగ నువ్వు పిలిచినా పిలవకున్నా, నేను కోర్టుకు వచ్చుడు మాత్రం వస్త."