ఏడుగురి పరీక్ష

ఆడిట్ ఆఫీసులో పెద్ద ఆడిటర్ గారి గది. మధ్యాహ్నం మూడు గంటలు, తలుపు వేసి ఉంది. లోపల ఆయనా, ఆయన దగ్గర పనిచేసే ఆయన అన్న కూతురూ.

"ఒక్క పేజీకి ఇంతసేపా అమ్మాయ్?"

"చదువుతున్నాను సార్."

"నీకు తెలీనిదేముంది అందులో?"

"చదవకుండా సంతకం పెట్టొద్దని నేర్పింది మీరే. పద్నాలుగేళ్ల కింద, ఈ గదిలోనే."

"బాగానే గుర్తుంది. మళ్లీ సార్ ఏంటి? తలుపేసే ఉందిగా, బాబాయ్ అను."

"ఆఫీసులో సార్ అనమన్నదీ మీరే."

"అబ్బ, అవన్నీ ఇప్పుడెందుకు! సరే, చదువు, చదువు. కింద పేరుంది చూడు, దాని పైన పెట్టు సంతకం."

"'మా సంస్థలోని ఏడుగురు భాగస్వాముల బదులు, వారికి తెలియకుండా, నాలుగేళ్లుగా వృత్తి ధర్మాల ఆన్‌లైన్ పరీక్ష నేనే రాశాను.' వారికి తెలియకుండానా?"

"ఊఁ."

"మీకు తెలీదా బాబాయ్?"

"తెలుసని రాస్తామా ఎక్కడైనా?"

"రాయడం సంగతి కాదు. తెలీదా అని అడుగుతున్నాను."

"తెలుసు! తెలుసే! ఎవరు కాదన్నారు? ఇది మనిద్దరి మధ్య మాట. అది మన మీద విచారణ చేస్తున్న బోర్డుకి ఇచ్చే కాగితం. ఆ తేడా తెలీడానికి నువ్వేమైనా చిన్నపిల్లవా?"

"ముప్ఫై ఆరేళ్లు."

"అదే చెప్తున్నా."

"నాలుగేళ్ల కింద ఒక ఆదివారం మీరే ఫోన్ చేశారు. అందరి పాస్‌వర్డులూ నీ నోటుబుక్కులో ఉన్నాయి కదా, ఆ నీతుల క్లాసేదో మా ఏడుగురికీ కాస్త కొట్టి పడేయ్ అన్నారు."

"కొట్టి పడేయ్ అన్నానా?"

"అన్నారు. చిన్న పార్ట్‌నరు గారు థాంక్స్ అని పువ్వు బొమ్మ కూడా పంపారు."

"సరే, అనుంటాను. అంతమాత్రాన ఏడుగురికీ అచ్చు గుద్దినట్టు రాయమన్నానా? బుర్ర వాడక్కర్లేదూ?"

"బుర్ర వాడే రెండేసి తప్పులు పెట్టాను. అందరికీ నూటికి నూరొస్తే అనుమానం వస్తుందని."

"ఏడుగురికీ అవే రెండు! తొమ్మిదోది, ఇరవై రెండోది! ఒక ఏడాది కాదు, నాలుగేళ్లూ అవే! ఆడిటర్లమమ్మా మనం. పక్కవాళ్ల ఫైళ్లలో ఇలాంటివి పట్టుకునే కదా మనం బతికేది!"

"మార్చి మార్చి పెట్టడానికి టైము లేదు. ఒక్క ఆదివారంలో ఏడు పరీక్షలు. అప్పటికి నా పరీక్షకి పన్నెండు రోజులుంది."

"నీదేం పరీక్ష?"

"సీఏ ఫైనల్. ఆసారి కూడా తప్పాను. నాలుగోసారి."

"అదా. ఊఁ. ఇంతకీ ఏంటట ఆ తొమ్మిదో ప్రశ్న?"

"పైవాళ్లు తప్పు పని చేయమంటే కిందివాళ్లు ఏం చేయాలి?"

"నువ్వేం పెట్టావు?"

"పైవాళ్లకి అనుభవం ఎక్కువ కాబట్టి వాళ్లు చెప్పినట్టు చేయాలి, అని."

"అది తప్పా?"

"తప్పే బాబాయ్."

"నవ్వకు. నాకూ వస్తోంది గానీ, ఇది నవ్వే టైము కాదు."

"నేను నవ్వట్లేదు. ఆ క్లాసు మొదట్లో మాట్లాడేది మీరే, తెలుసా? ధర్మాల కమిటీ ఛైర్మన్ హోదాలో. పదకొండు నిమిషాలు. దాటేద్దామంటే వీల్లేదు. ఏడాదికి ఏడుసార్లు కూర్చుని విన్నాను మిమ్మల్ని."

"బాగుంటుందా?"

"మొదటిసారి బాగుంది."

"ఉండు, ఫోను. ఆఁ, చెప్పవయ్యా... ఆఁ, ఇక్కడే, నా ఎదురుగానే ఉంది... లేదు లేదు, గొడవేముంటుంది, మా పిల్లేగా... అయిదులోపు అయిపోతుంది... నువ్వు కంగారు పడి నన్ను కంగారు పెట్టకు. ఉంటా... చిన్న పార్ట్‌నరే చేసింది. పాపం, రాత్రి కన్ను మూయలేదట."

"నేనూ మూయలేదు."

"రాత్రికి నిద్రపోతావులే, ఇవాళ్టితో ఇది అయిపోతుంది. పెట్టు సంతకం."

"ఇది బోర్డుకి ఇంకా వెళ్లలేదు కదా?"

"నీ సంతకం లేకుండా ఎలా వెళ్తుంది?"

"మెయిలు కూడా?"

"ఏంటమ్మా, నన్నే ఆడిట్ చేస్తున్నావా? వెళ్లలేదు అన్నాగా."

"మీరు ఏడుగురూ ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే ఏమవుతుంది?"

"ఏమవుతుందా? పరువు పోతుంది."

"శిక్ష అడుగుతున్నాను."

"జరిమానా వేస్తారు. మందలిస్తారు. మహా అయితే ఓ మూడు నెలలు సంతకాలు పెట్టనివ్వరు."

"నేను ఒప్పుకుంటే?"

"నువ్వింకా ఆడిటర్ల సంఘంలో మెంబరువే కాదుగా. నిన్నేం చేస్తారు? మెంబర్‌షిప్ కాస్త ఆలస్యం చేస్తారంతే."

"కాస్త అంటే?"

"మూడేళ్లు. పోనీ అయిదు."

"మీకు మూడు నెలలు, నాకు అయిదేళ్లు."

"అలా తూకం వేస్తే ఎలా? కింద నలభై మంది కూర్చుని పనిచేస్తున్నారు. మా లైసెన్సుల మీద చెయ్యి పడిందని తెలిస్తే క్లయింట్లు ఒక్కరుంటారా? ఆ నలభై మంది ఏమైపోవాలి? వాళ్ల ముఖం చూడు."

"వచ్చే గురువారం మీ ఎన్నిక కూడా ఉంది."

"ఏంటి?"

"సంఘానికి అధ్యక్షులవుతున్నారు కదా."

"అది నా కోసమా? కుర్రాళ్లు ఈ చదువు ముఖమే చూడట్లేదు. వచ్చినవాళ్లు రెండేళ్లకే పారిపోతున్నారు. సగం పని మెషిన్లు చేసేస్తున్నాయి. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు ముందుకొచ్చి నిలబడాలా వద్దా?"

"ఆ మాటలు నేను రాసినవే బాబాయ్. ప్రసంగంలో మూడో పేజీ."

"బాగా రాశావు. అవునూ, చివర్లో నమ్మకం గురించి ఇంకో నాలుగు ముక్కలు పెంచుతానన్నావు, పెంచావా?"

"లేదు."

"ఇవాళ వద్దులే. రేపు చూడు."

"కుర్రాళ్లు ఎందుకు రావట్లేదో నేనందులో రాయలేదు. రాసినా మీరు చదవరు కాబట్టి."

"ఎందుకు రావట్లేదేం?"

"ఎందుకొస్తారు? పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను. ఫైళ్లు పిల్లలు చేస్తారు. పరిశీలించితిమి అని మీరు సంతకం పెడతారు. అట్ట కూడా తిప్పరు. ఏడాది చివర్లో మెట్ల మీద కూర్చుని ఏడ్చే పిల్లలకి మంచినీళ్లిచ్చి, ఇంకో రెండు వారాలే, ఓపిక పట్టు అని చెప్పేది నేను. పోయినేడు ఒకమ్మాయి బ్యాగు కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. ఇప్పటికీ స్టోర్ రూములోనే ఉంది ఆ బ్యాగు."

"మేమూ అలాగే పైకొచ్చాం. మమ్మల్నెవరు ఓదార్చారు?"

"మా నాన్న."

"ఏమన్నావు?"

"మా నాన్న ఓదార్చాడుగా మిమ్మల్ని. రెండుసార్లు తప్పినప్పుడు."

"అవును. అన్నయ్యే. కాదంటానా? అంగళ్లలో చిట్టాలు రాసి చదివించాడు నన్ను. చొక్కా జేబు కింద ఎప్పుడూ సిరా మరకే. మర్చిపోయాననుకున్నావా? మర్చిపోతే ఆయన పోయిన నెలకే నిన్ను తెచ్చి ఇక్కడ కూర్చోబెడతానా? వదినకీ నీకూ మేడమీద వాటా ఇచ్చాను. అద్దె మాటెత్తానా ఎప్పుడైనా?"

"లేదు."

"నీ పరీక్ష ఫీజులెవరు కట్టారు?"

"మీరే. ఏడుసార్లూ."

"మరి?"

"సెలవు మాత్రం ఒక్కసారే ఇచ్చారు. ఆసారే పాసయ్యాను."

"అంటే? నేను కావాలని ఆపానంటావా?"

"ఇన్నాళ్లూ అనుకోలేదు. అలాంటి ఆలోచన వస్తే నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఇప్పుడు అనుకుంటున్నాను. నాకు కోపంగా ఉంది బాబాయ్. చాలా కోపంగా ఉంది."

"ఉండనీ. తిట్టు. ఇంటి మనిషివి, నువ్వు కాక నన్నెవరు తిడతారు? తిట్టాల్సినంత తిట్టి సంతకం పెట్టు."

"ఆరుసార్లు తప్పి ఏడోసారి గట్టెక్కాను. మూడు వారాలు కూడా కాలేదు. ఆ ఫలితాల కాగితం అమ్మ దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. పొద్దున్నే తీసి, నా పేరు ఉందో లేదో చూసి, మళ్లీ అక్కడే పెడుతుంది."

"వదినకి నేను చెప్తాలే."

"ఏమని చెప్తారు?"

"ఏదో ఒకటి చెప్తాను. అసలు మెంబర్‌షిప్ లేక ఇన్నాళ్లూ నీకేం తక్కువైంది? నువ్వు చెప్పందే ఈ ఆఫీసులో ఫైలు కదులుతుందా?"

"కదలదు. కానీ ఆ ఫైలు మీద పేరు నాది కాదు."

"పేరుదేముందే! జీతం పెంచుతాను. ఈ నెల నుంచే. కావాలంటే రాసిస్తాను."

"ఏమని రాసిస్తారు?"

"అంటే... రాయడం బాగోదనుకో. మాటిస్తాను."

"ఈ ఉత్తరం ఎవరు రాశారు?"

"అందరం కూర్చుని రాశాం. నిన్న సాయంత్రం."

"నన్ను పిలవలేదే."

"నువ్వుంటే బాధపడతావని. 'వారికి తెలియకుండా' అన్న మాట దగ్గరే గంట పట్టింది, తెలుసా? ఒకాయనైతే 'వారిని మోసగించి' అని పెట్టాలన్నాడు. నేనే అడ్డుపడ్డాను. మా అమ్మాయి మోసగత్తె కాదు, అలా రాస్తే ఒప్పుకోను అన్నాను."

"థాంక్స్ బాబాయ్."

"వెటకారమా?"

"కాదు. నిజంగానే. ఆ ఒక్క మాటకి థాంక్స్."

"చూడు తల్లీ, నాకు అరవై రెండు. ఆ అధ్యక్షుడి కుర్చీ కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూశాను. ఇప్పుడు పోతే మళ్లీ రాదు. నీకింకా వయసుంది. అయిదేళ్లు అనేది కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. నేనే దగ్గరుండి నీ దరఖాస్తు పెట్టిస్తాను. అధ్యక్షుడి మాట కాదంటారా? నా కోసం అడుగుతున్నాను. చేతులు పట్టుకోమంటావా? పట్టుకుంటాను."

"వద్దు. పెద్దవాళ్లు, అలా చేయకండి. పెన్నివ్వండి."

"అదీ! అన్నయ్య కూతురివి అనిపించుకున్నావు. ఇదిగో, ఇదైతే బాగా రాస్తుంది."

"పెట్టే ముందు ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పండి చాలు. ఏదైనా సరే, నిజం చెప్తే కళ్లు మూసుకుని సంతకం పెడతాను."

"అడుగు."

"నన్ను అడక్కుండా, నా పేరుతో ఇప్పటికే ఏమైనా పంపించారా?"

"మళ్లీ అదే! ఎన్నిసార్లు చెప్పాలి?"

"కంగారులో పంపుంటే చెప్పేయండి బాబాయ్. నేనేం అనుకోను. అలాంటప్పుడు మనిషికి ఏమీ తోచదు, నాకు తెలుసు. చెప్పేస్తే ఇక్కడితో అయిపోతుంది. తర్వాతది నేను చూసుకుంటాను."

"లేదంటే నమ్మవేం? నా మాటంటే అంత లోకువైపోయిందా నీకు? అన్నయ్య మీద ఒట్టు. పంపలేదు. చాలా?"

"చాలు."

"పెట్టు మరి. అదేంటి, మూత పెట్టేస్తున్నావు?"

"పొద్దున్నంతా నేను ఆఫీసులో లేను. ఎక్కడికెళ్లావని మీరు అడగలేదు."

"ఎక్కడికెళ్లావు?"

"బోర్డు నుంచి వచ్చిన తనిఖీ ఆవిడ దగ్గరికి. రాత్రంతా ఆలోచించుకుని మరీ వెళ్లాను. ఆ పరీక్షలన్నీ నేనే రాశాను, మా బాబాయికేం తెలీదు అని చెప్పాను."

"నువ్వా? నీ అంతట నువ్వే వెళ్లి చెప్పావా? తల్లీ, తల్లీ! ఈ మాట ముందే చెప్పొచ్చు కదే! ఇంతసేపూ నన్ను కూర్చోబెట్టి..."

"అయిదేళ్లు ఆగుతానని కూడా చెప్పాను. ఆవిడ అదంతా రాసుకుని, చదివి వినిపించింది. సంతకం పెట్టబోతుంటే ఆవిడకి మెయిలొచ్చింది. పదిన్నరకి. నా ఆఫీసు మెయిలు నుంచి. ఈ ఉత్తరమే, కింద నా పేరుతో."

"అమ్మాయ్..."

"స్క్రీను నా వైపు తిప్పి చూపించింది. 'మీరు నా ఎదురుగా కూర్చునుంటే ఇది ఎవరు పంపారు?' అంది. మా బాబాయిని అడిగి చెప్తానని వచ్చాను."