వాపసు పంపిన పదకొండు ట్రాకులు

సభకు పెద్దగా కూర్చున్న మా విభాగాధిపతి లింగమూర్తి గారికి, పని ఆపుకుని వచ్చిన మిత్రులకు, ఫోను చూస్తూనే నా మాట వింటున్న చిన్నవారికి, వెనక తలుపు దగ్గర నిలబడిన సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ మిత్రులకు నమస్కారం. మొగిలీ, ముందుకు రా. ఈ ఒక్క పూట తలుపు తన కాపలా తానే చూసుకుంటుంది. (నవ్వులు)

లింగమూర్తి గారు నన్ను ఇరవై నిమిషాలు పొగిడారు. ఇరవై నాలుగేళ్లు ఆయన దగ్గర టెస్టింగ్ చేశాను. నా పనిలో ఒక్క లోపం కూడా ఎత్తి చూపకుండా ఆయన మాట్లాడటం ఇదే మొదటిసారి. (నవ్వులు) నేను ఎక్కువ మాట్లాడను. ఇప్పుడు నాలుగున్నర. ఈరోజుతో నా ఉద్యోగం ముగుస్తోంది, ఆరింటికి నా లాగిన్ మూతపడుతుంది. ఆలోపు ఒక పని పూర్తి కావాలి. అది మీ అందరి ముందే కావాలి.

కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పే మొదటి పాఠాన్ని ఆయన ఇందాక గుర్తు చేశారు. లోపం కనబడగానే మనిషి మీద పడవద్దు, ముందు నీ యంత్రం చూసుకో, నీ వైర్లు చూసుకో, నువ్వు పరీక్షించిన తీరు చూసుకో అని. ఈ హాల్లో సగం మంది ఆ మాట నా నోట విన్నవాళ్లే. ఆఫీసులో ఆ మాట నేను ఎన్నడూ తప్పలేదు. ఇంట్లో తప్పాను. అది చెప్పడానికే నిలబడ్డాను.

మన పాటల గుంపు సంగతి కొందరికి తెలియకపోవచ్చు. లాక్‌డౌన్‌లో అందరం ఇళ్లలో ఉన్నప్పుడు మొదలైంది. ఆన్‌లైన్‌లో ఒకే ఫైలు, అందరికీ తెరుచుకుంటుంది. ఒక్కొక్కరి వాయిద్యం తెర మీద ఒక్కో చారగా, అంటే ఒక్కో ట్రాకుగా, ఒకదాని కింద ఒకటి పరుచుకుని ఉంటుంది. మణికొండ నుంచి హరిత కీబోర్డు వాయిస్తే, హఫీజ్‌పేటలో మా ఇంటి నుంచి నేను కంప్యూటర్‌లో గడి తరువాత గడి నింపుతూ తబలా దెబ్బలు పేర్చేవాణ్ణి; మొగిలి తన డప్పును కిరాయి ఇంటి మిద్దె మీద ఫోనులో పట్టి పంపేవాడు, అందులో పక్కింటివాళ్ల తిట్లు కూడా తాళంలోనే పడేవి. (నవ్వులు) మా నియమం ఒక్కటే. ఎవరి ట్రాకునూ ఎవరూ చెరపకూడదు. కావాలంటే మ్యూట్ చేయవచ్చు.

నా భార్య రత్నమాలను మీలో చాలామంది ఎరుగుదురు. ఆమెది ఈ రాయదుర్గమే. మెట్రో స్టేషన్‌కు అవతల, ఇప్పుడు అద్దాల భవనాలున్న చోట వాళ్లమ్మ రుక్కమ్మ కలుపు తీసేది. కలుపు తీస్తూ పాడే పాట ఒకటి తల్లి నుంచి ఆమెకు వచ్చింది. రత్నమాల పట్టుబట్టి సాధించుకునే మనిషి కాదు. "జర నా పాట గూడ ఎక్కించరాదుండ్రి" అని ఒక్కసారి అడిగింది, అంతే.

ఇరవై ఏళ్ల సర్వీసుకు కంపెనీ నాకు బహూకరించిన వైర్‌లెస్ హెడ్‌సెట్ ఆమెకిచ్చాను. మా ఇంట్లో అంతకంటే మంచిది లేదు. ఆదివారం టిఫిన్లయ్యాక ఆమె లోపలి గదిలో కూర్చుని, మీ వాయిద్యాలు వింటూ పాడేది. నేను హాల్లో కూర్చుని పరీక్షించేవాణ్ణి. ప్రతిసారీ తాళానికి వెనకబడి ఉండేది. మీకు పంపకుండానే వాపసు చేసేవాణ్ణి. సంఖ్య, తేదీ, వివరం: "తాళం ఆలస్యం." అట్లా పదకొండుసార్లు. పెళ్లాం మీద లోపాల పట్టిక నడిపిన టెస్టర్‌ని మీరింకెక్కడా చూసి ఉండరు. (నవ్వులు)

నవ్వండి. ఆమె కూడా మొదట్లో నవ్వేది. "ఇంట్ల గూడ డ్యూటీయేనా మీకు?" అనేది. ఆరో దాని తరువాత నవ్వడం మానేసింది. పొయ్యి దగ్గర నిలబడి వేలితో గట్టు మీద తాళం వేసుకునేది. తప్పు తనదేనని నమ్మింది. నేను నమ్మించాను.

మొగిలి ఒకరోజు మా ఇంటికి వచ్చి, ఎదురుగా కూర్చుని డప్పు కొడితే ఆమె పాడింది. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర నాతో అన్నాడు: "సార్, అమ్మ తాళం తప్పుడేంది? నేను కొట్టినంతసేపు ఒక్కపారి తప్పలే. మీ డబ్బల్నే ఏదో ఉన్నది, జర సూడుండ్రి." నేనేమన్నానో అతనికి గుర్తుండే ఉంటుంది. "కంప్యూటర్‌కు మొహమాటం ఉండదు మొగిలీ" అన్నాను. (మొగిలి తల దించుకున్నాడు.) నువ్వెందుకయ్యా తల దించుకుంటావు? ఎత్తు.

పదకొండోది వాపసు చేసిన రోజు ఆమె హెడ్‌సెట్ తీసి దాని పెట్టెలో పెట్టేసింది. "హరితతోని పాడించుండ్రి. ఆ పిల్ల టైముకు పాడతది" అంది. హరిత పాడింది, చక్కగా పాడింది. అది పోయిన ఏడాది జనవరి. జూన్‌లో దవాఖాన. ఆగస్టులో ఆమె లేదు. ఆ మధ్యలో పాట మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.



పోయిన నెల, ఈ వీడ్కోలు కోసం ఆ పాటలో నా గొంతు కూడా కలపాలని హరిత పట్టుబట్టింది. ఒకరు ఒక వరుస పాడితే వెనక నుంచి "ఓ" అనాలి, అంతే పని. పెట్టెలోంచి అదే హెడ్‌సెట్ తీసి పెట్టుకుని, "ఓ" అని పంపాను. హరిత ఫోన్ చేసింది. "మధుకర్ సార్, ఏమనుకోవద్దండి, మీరు లేటుగా వస్తున్నారండి. ప్రతి 'ఓ' కూ అంతే లేటు. కొలిచి పెట్టినట్టుందండి!"

మనిషి తప్పితే ఒకసారి ముందు తప్పుతాడు, ఒకసారి వెనక తప్పుతాడు. ప్రతిసారీ ఒకే కొలతలో తప్పితే అది మనిషి పని కాదు. ఇది కూడా నేను మీకు నేర్పినదే.

వైరున్న పాత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ అన్నాను. సరిపోయింది. వైరు లేని ఆ హెడ్‌సెట్‌లో వాయిద్యం చెవికి చేరేసరికే సెకనులో ఐదో వంతు గడిచిపోతోంది. తనకు వినబడినదానికి రత్నమాల సరిగ్గానే పాడింది. టెస్టర్ ఏదీ పారేయడు కాబట్టి ఆమె పదకొండు ట్రాకులూ ఇంటి కంప్యూటర్‌లో ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని ఆ ఐదో వంతు ముందుకు జరిపాను. పదకొండింటికి పదకొండూ తాళంలో నిలబడ్డాయి. వాటిలో మొదటిదే బాగుంది. పోను పోను గొంతులో భయం చేరింది.

ఇది చెప్పవలసిన మనిషి ఇంట్లో లేదు. అందుకని మీకు చెబుతున్నాను.

ఇప్పుడు ఆ పాట వినిపిస్తారని మీ కార్యక్రమంలో ఉంది, హరిత గొంతుతో. హరితమ్మా, నీ ట్రాకు చెరపలేదు, నియమం నియమమే. దాని పైన రత్నమాల మొదటి ట్రాకు పెట్టాను. ఈరోజు ఏది వినిపించాలో నువ్వే చెప్పాలి. నీదే అంటే నొచ్చుకోను.

(హరిత లేచి నిలబడి: "ఆంటీదే పెట్టండి సార్. నాది మ్యూట్ చేసేయండి. కాకపోతే 'ఓ' నేనే అంటానండి, మీ దాంట్లో శ్రుతి లేదు." నవ్వులు, చప్పట్లు.)

సరే తల్లీ. ఆ లోపం ఒప్పుకుంటున్నాను.

ఆ ఫైలు నా ఆఫీసు లాగిన్ కింద ఉండేది. ఆరింటికి నాతో పాటు అదీ పోయేది. మధ్యాహ్నమే మొగిలి పేరుకు మార్చాను. నాకు కంప్యూటర్ రాదు సార్ అంటున్నాడు. హరిత నేర్పుతుంది. వినడం ఎట్లాగో అతనికి ఎవరూ నేర్పనక్కరలేదు.

శాలువా కప్పిన లింగమూర్తి గారికి, ఈ సభ ఏర్పాటు చేసిన మీ అందరికీ కృతజ్ఞతలు. నాకివ్వబోయే పెట్టెలో కొత్త హెడ్‌సెట్ ఉందని ఎవరో చెవిలో చెప్పారు. వైరుంటే తీసుకుంటాను. (నవ్వులు) లింగమూర్తి గారూ, రేపటి నుంచి ఆ మొదటి పాఠం మరొకరు చెబుతారు కదా, చివర ఒక్క మాట చేర్పించండి: ఇంటికి వెళ్లాక కూడా.

ఇక పాట పెట్టండి. రత్నమాల సమయానికే అందుకుంటుంది. ఆలస్యంగా వచ్చింది నేను.

సెలవు.